వేడి కాదు మామా, వయ్యారిభామ!

మా హిందూపురం వైపు ఒంటి మీద ఎక్కడ దద్దురు లేచినా, ఎక్కడ దురద పుట్టినా దానికి కారణాలు మూడే మూడు. వేడి చేసింది, రక్తం చెడింది, లేదా ఎవరిదో దిష్టి తగిలింది. వైద్యాలూ మూడే. వేపాకు కాచిన నీళ్ళు, వంకాయా చేపలూ మానెయ్యడం, వాటితో తగ్గకపోతే మెడికల్ షాపుకి పోయి "దురదకి ట్యూబు ఇయ్యప్పా" అని తెచ్చుకునే క్రీము. సిస్టమ్ మొరాయిస్తే ఎందుకు మొరాయించిందో చూడకుండా రీస్టార్ట్ చేసి చూడమనే హెల్ప్‌డెస్క్ వాళ్ళని మనం ఎన్నిసార్లు తిట్టుకోలేదు? ఇదీ అదే బాపతు.

నేను చెప్పదల్చుకున్నది ఒకటే. దురదకి ఒక పేరుంటుంది. ఆ పేరు కనుక్కునే పద్ధతి 1895 నుంచీ ఉంది. మా పక్క పొలాల్లోనూ, పట్టు పనుల్లోనూ మనుషుల చర్మాన్నీ ఊపిరినీ పట్టి పీడించేవాటి మీద పరిశోధన కూడా ఎక్కడో అమెరికాలో కాదు, మా రైలు లైను చివర బెంగుళూరులోనే 1970లలో మొదలైంది. అది వంద కిలోమీటర్లు ప్రయాణం చేసి మా ఊళ్ళకి రావడానికి ఇన్నేళ్ళూ చాలలేదు. ఈ సంగతి మీద నాకు కోపం ఉంది. ఆ కోపంతోనే ఇది రాస్తున్నా, కాస్త ఘాటుగా ఉంటే సర్దుకోండి.

ఈ లైను తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. బెంగుళూరులో గుంతకల్లు వైపు పోయే బండెక్కితే యలహంక, దొడ్డబళ్ళాపురం, గౌరిబిదనూరు దాటాక వచ్చేది హిందూపురం. తరవాత పెనుకొండ, ఆ తరవాత ధర్మవరం. 2022 ఏప్రిల్ దాకా ఇవన్నీ అనంతపురం జిల్లా, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లా. హిందూపురం అంటే పట్టుగూళ్ళ మార్కెట్టు, చింతపండు, బెల్లం. పెనుకొండ అంటే 1565 తళ్ళికోట యుద్ధం తరవాత విజయనగర రాజులు వచ్చి తలదాచుకున్న కోట, 2019 నుంచీ అయితే కియా కార్లు. ధర్మవరం సంగతి చెప్పక్కర్లేదు, మీ ఇంట్లో ఒక్క పెళ్ళి జరిగినా బీరువాలో ఆ ఊరి చీర ఒకటి ఉండే ఉంటుంది.

కిటికీ పక్కన సీటు దొరికితే మూడూళ్ళకీ ఉమ్మడిగా ఉన్న ఇంకోటి కూడా కనిపిస్తుంది. ఒక్క మంచి వాన పడితే చాలు, రైలు కట్ట పొడుగునా, బీళ్ళలో, ఊరి చివరి దిబ్బల మీద నడుమెత్తు లేచి నిలబడుతుంది. క్యారెట్ ఆకులా చీలికలు చీలికలుగా ఉండే ఆకు, కొసల్లో తెల్లటి చిన్న చిన్న పూలు. శాస్త్రీయ నామం పార్థీనియం హిస్టరోఫోరస్. మనవాళ్ళు ముద్దుగా పెట్టిన పేరు వయ్యారిభామ.

(ఇక్కడో చిన్న పిడకలవేట. దీనికే కాంగ్రెస్ గడ్డి అని ఇంకో పేరు. అమెరికా నుంచి పి.ఎల్. 480 గోధుమల్లో కలిసి కాంగ్రెస్ వాళ్ళ హయాంలో వచ్చింది కాబట్టి అంటారు కొందరు, తెల్ల పూలు తెల్ల టోపీల్లా ఉంటాయి కాబట్టి అంటారు ఇంకొందరు. 1955లో పుణెలో చెత్తకుప్పల మీద కనిపించిన దీన్ని ఆర్.ఎస్. రావు అనే వృక్షశాస్త్రవేత్త 1956లో దేశానికి కొత్త మొక్కగా నమోదు చేశారు. కానీ పంతొమ్మిదో శతాబ్దపు ఎండు నమూనాలు కూడా బయటపడ్డాయి కనక గోధుమల కథ మొత్తం కథ కాదు. ఎలా వస్తేనేం, వచ్చింది, పోలేదు. ఇంత పొగరుమోతు మొక్కకి వయ్యారిభామ అని పేరు పెట్టిన మహానుభావుడెవరో గానీ, గాలికి అది ఊగే తీరు చూసి పెట్టుంటాడు, దాన్ని పీకి ఉండడు.)

అసలు విషయానికొస్తే, మా మేనమామకి పెనుకొండ దగ్గర నాలుగెకరాల చెనక్కాయ చేను. వయసు అరవై దాటింది. కొన్నేళ్ళుగా ఆయన మెడ, కనురెప్పలు, మోచేతి మడతలు తోలు మందమై, నల్లబడి, బీటలు వారినట్టు గీతలు పడ్డాయి. రాత్రిళ్ళు నిద్ర లేదు. వానాకాలంలో ముదురుతుంది, చలికాలంలో కాస్త తగ్గుతుంది. మా ఇంటికొచ్చి ఇరవై రోజులుంటే సగానికి సగం నెమ్మదిస్తుంది. దీన్నిబట్టి ఆయన తేల్చిన సిద్ధాంతం ఇదీ:

"చూడప్పా, బెంగుళూరు సల్లగుంటాది. ఈడికొస్తే ఒంట్లో వేడి దిగిపోతాది. మన పక్క ఎండకి రక్తం ఉడుకుతాది, అంతే."

నిజం చెప్పాలంటే ఆయన గమనించినదాంట్లో తప్పేమీ లేదు. వానల్లో ఎక్కువ, ఊరు మారితే తక్కువ. మన ఆఫీసుల్లో ఇంతకంటే బలహీనమైన డేటా మీద ఎన్నెన్ని ప్రెజెంటేషన్లు నడవలేదు! బెంగుళూరులో వయ్యారిభామ లేదా అంటే, ఉంది, ఖాళీ సైటు ఎక్కడుంటే అక్కడ ఉంది. కానీ ఆరో అంతస్తు ఫ్లాటులో టీవీ ముందు కూర్చున్న మనిషి వేరు, పొద్దున్నే చేలో వంగి కలుపు పీకే మనిషి వేరు.

ఊరి దగ్గర చూపించుకున్న చోట్లన్నిటా ఎండ పడలేదన్నారు, ట్యూబు రాసిచ్చారు, సూది వేశారు. నువ్వు రోజంతా ఏం ముట్టుకుంటావు అని అడిగినవాళ్ళు లేరు. ట్యూబు రాస్తే వారం తగ్గేది, ఆపితే రెండింతలయ్యేది. ఆ ట్యూబుల్లో ఉండేది స్టిరాయిడ్. దురద మీద పని చేస్తుంది, కారణం మీద చెయ్యదు. ఏళ్ళ తరబడి రాస్తే తోలు పల్చబడిపోతుంది. వీటిని చీటీ లేకుండా అమ్మడం మరీ ఎక్కువైపోయిందని చర్మవైద్యుల సంఘం గట్టిగా పోరితే కేంద్ర ప్రభుత్వం 2018 మార్చిలో 14 రకాల స్టిరాయిడ్ క్రీములను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూలులోకి చేర్చింది. షెడ్యూలు ఢిల్లీలో ఉంది, ట్యూబు మాత్రం ఇప్పటికీ బస్టాండు పక్క షాపులో అడిగినవాడికల్లా దొరుకుతోంది.

చివరికి ఇక్కడ ఒక చర్మవైద్యురాలు ఆయన్ని కూర్చోబెట్టి, గడ్డం పైకెత్తి కింద చూశారు. చెవుల వెనక చూశారు. కళ్ళు మూసుకోమని రెప్పలు చూశారు. ఎండ పడనివాళ్ళకి ఎండ తగిలే చోట వస్తుంది గానీ గడ్డం కింది నీడలో, చెవి వెనకాల మామూలుగా రాదట. గాల్లో ఎగిరొచ్చే పొడి వల్ల వచ్చేదైతే ఆ చాటు చోట్లలోనూ, మడతల్లోనూ పేరుకుంటుంది. ఈ తేడా చూడ్డానికి మిషనూ అక్కర్లేదు, స్కానూ అక్కర్లేదు, ఒక్క నిమిషం ఓపిక చాలు. ఆ తరవాత వీపు మీద ప్యాచ్ టెస్టు చేశారు. అనుమానమున్న పదార్థాలన్నిటినీ చిన్న చిన్న గళ్ళలో పెట్టి అంటిస్తారు. రెండ్రోజులాగి తీసి చూస్తారు, మళ్ళీ ఒకటి రెండు రోజులకి ఇంకోసారి చూస్తారు. మామకి మిగతా గళ్ళన్నీ మామూలుగా ఉన్నాయి. పార్థీనియం గడి మాత్రం ఎర్రగా పొంగి బొబ్బలు కట్టింది.

"వేడి కాదు మామా, వయ్యారిభామ!" అన్నా.

"ఆ గడ్డా? దాన్ని ముప్పయ్యేండ్ల నుంచీ పీకుతానే ఉండా గదప్పా. దాని వల్లయితే అప్పుడే రావల్ల గదా?"

చాలా మంచి ప్రశ్న. దీనికి జవాబు తెలియకపోవడం వల్లే దేశంలో ఎంతోమంది వంకాయ మీద కేసు పెడుతున్నారు. :)

చర్మానికి జరిగే హాని రెండు రకాలు. సున్నం, సోడా, యాసిడ్ లాంటివి ఎవరి చర్మాన్నయినా కొరుకుతాయి. ఎంత గాఢంగా ఉంది, ఎంతసేపు తగిలింది అన్నదే లెక్క. తగిలిన కాసేపటికే తెలిసిపోతుంది కాబట్టి ఎవరూ పొరబడరు. రెండోది సెన్సిటైజేషన్. ఇందులో పదార్థం తనంతట తాను మనల్ని కొరకదు. మన రోగనిరోధక వ్యవస్థ దాన్ని శత్రువుగా నమోదు చేసుకుంటుంది, ఆ తరవాత కనిపించినప్పుడల్లా మన చర్మం మీదే యుద్ధం ప్రకటిస్తుంది.

దీని లోగుట్టు మొదట పట్టుకున్నది కార్ల్ లాండ్‌స్టైనర్. రక్తం గ్రూపులు కనిపెట్టినందుకు 1930లో నోబెల్ అందుకున్నది ఈయనే. 1935లో న్యూయార్కు రాక్‌ఫెల్లర్ సంస్థలో జాన్ జాకబ్స్‌తో కలిసి గినీ పందుల చర్మం మీద చిన్న చిన్న రసాయనాలు ప్రయోగించి చూస్తే, ప్రోటీన్లని పట్టుకుని అతుక్కోగలిగినవే అలర్జీ పుట్టించాయి, అతుక్కోలేనివి పుట్టించలేదు. 1942లో మెరిల్ ఛేజ్‌తో కలిసి ఇంకో అడుగు ముందుకెళ్ళారు. అలర్జీ ఉన్న జంతువు తెల్లకణాల్ని లేని జంతువుకి ఎక్కిస్తే అలర్జీ కూడా దాంతో పాటు వచ్చేసింది. అంటే ఈ జ్ఞాపకం ఉండేది కణాల్లో.

వయ్యారిభామ ఆకుల మీదా కాడల మీదా ఉండే సన్నటి నూగులో పార్థెనిన్ అనే పదార్థం ఉంటుంది. ఆ అణువుకి ఒక మూల కొక్కెం లాంటి భాగముంది (కెమిస్ట్రీ మర్చిపోనివాళ్ళకి: ఆల్ఫా మిథిలీన్ గామా లాక్టోన్). చర్మం ప్రోటీన్లలో సిస్టీన్ అనే అమైనో ఆమ్లం దగ్గర గంధకం ఉంటుంది. కొక్కెం ఆ గంధకాన్ని పట్టుకుందంటే వదలదు. ఇలా రూపం మారిన ప్రోటీనుని చర్మంలోని కావలి కణాలు దగ్గర్లోని లింఫు గ్రంథికి మోసుకెళ్ళి టి కణాలకి చూపిస్తాయి. పది పదిహేను రోజుల్లో దాన్ని గుర్తుపట్టే టి కణాల పటాలం తయారు. అది ఇరవై సార్లు తగిలాక జరగొచ్చు, ముప్పయ్యేళ్ళు తగిలాక జరగొచ్చు, కొందరికి అసలు జరక్కపోవచ్చు. ఒకసారి జరిగిందా, ఆ జ్ఞాపకం దాదాపు జీవితాంతం. డిలీట్ బటన్ లేదు.

ఇందులో ఉన్న అసలు తిరకాసు ఇంకోటి. మళ్ళీ తగిలాక దద్దురు రావడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. సోమవారం కలుపు తీస్తే బుధవారం దురద. మధ్యలో మంగళవారం తిన్న వంకాయ కూర దోషి. మామకి ఇదంతా చెబితే కాసేపు ఆలోచించి, "అయితే ఈన్నేండ్లు వంకాయ ఊరికే మానేస్తినా?" అన్నాడు. ఆ రాత్రే గుత్తివంకాయ చేయించుకున్నాడు.

ఇక బెంగుళూరు సంగతి. 1974లో పుణె వైద్యుడు లోంకర్, వాంకూవరు నుంచి మిచెల్, లండన్ నుంచి కాల్నన్ కలిసి పార్థీనియం వల్ల వచ్చే చర్మవ్యాధి మీద పేపరు వేశారు. ఆ దశకంలోనే ఇక్కడ ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ బయోకెమిస్ట్రీ విభాగంలో పి.వి. సుబ్బారావు గారి బృందం ఈ మొక్కని పట్టుకుంది. 1977లో ఎక్స్‌పీరియెన్షియా పత్రికలో వచ్చిన వాళ్ళ పేపరు పేరులోనే నాకు నచ్చిన మాట ఉంది. పార్థీనియం "రోగులు" అనలేదు, పార్థీనియానికి "గురైన వ్యక్తులు" అన్నారు. ఆసుపత్రికి వచ్చినవాళ్ళ దగ్గరే ఆగిపోకుండా, ఆ మొక్క మధ్య బతికేవాళ్ళని చూడాలన్న ఆలోచన అందులో ఉంది. అదే ఏడాది బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయానికి చెందిన నీల్ టవర్స్ తదితరులతో కలిసి ఈ మొక్క జీవశాస్త్రం, రసాయనశాస్త్రం మీద పెద్ద సమీక్ష రాశారు. 1991లో శ్రీరామారావు, సుబ్బారావు ప్రభృతులు దీని పుప్పొడి వల్ల వచ్చే తుమ్ములు, ముక్కు కారడం లెక్కగట్టారు. బెంగుళూరు జనాభాలో సుమారు 7 శాతం మందికి ఆ బాధ ఉందని తేల్చారు. ప్రతి ఏటా "బెంగుళూరు వాతావరణం పడట్లేదండీ" అని ముక్కు చీదుకునే మన సహోద్యోగుల్లో కొందరికి పడనిది వాతావరణం కాదన్నమాట.

ఇంకో పేపరు ఉంది, నా దృష్టిలో మా వైపువాళ్ళకి ఇది మరీ ముఖ్యం. 1985లో హరీంద్రనాథ్, ఓంప్రకాష్, సుబ్బారావు పట్టుదారం తీసే ఫిలేచర్లలో పనిచేసేవాళ్ళని పరీక్షించారు. సుమారు 36 శాతం మందిలో ఉబ్బసం కనిపించింది. అదంతా పట్టు వల్లనే అని వాళ్ళు అనలేదు, అందులో ఒక భాగం పట్టు ప్రోటీన్లకి అలర్జీ అని వేరు చేసి చూపించారు. ఇది చర్మంది కాదు, ఊపిరిది. యంత్రాంగం కూడా వేరే, నిమిషాల్లో వచ్చే రకం. కానీ సూత్రం ఒకటే, పనిచేసే చోట ఉన్న ఫలానా పదార్థాన్ని ఒళ్ళు శత్రువుగా గుర్తుపెట్టుకోవడం. పట్టుగూళ్ళకి హిందూపురం మార్కెట్టు, పట్టుచీరలకి ధర్మవరం. ఈ రెండిటి మధ్య పట్టు మీద బతికే ఇళ్ళెన్నో లెక్కేసుకోండి. ఆ ఇళ్ళలో దగ్గొస్తే ఇప్పటికీ చెప్పే కారణం "పొగ పడలేదు", లేదా "చల్లనీళ్ళు తాగినాడు".

ధర్మవరంలో మా పెద్దమ్మ కొడుకు రంగులు వేస్తాడు. అద్దకం పని ఎప్పుడైనా చూశారా? ముడి పట్టుకి సెరిసిన్ అనే జిగురు ఉంటుంది. దాన్ని వదలగొట్టడానికి సబ్బూ సోడా వేసి ఉడికిస్తారు. తరవాత మరిగే రంగునీళ్ళలో లడీలని కర్రకి తగిలించి ముంచుతూ తిప్పుతూ ఉండాలి. రంగు సమంగా పట్టిందో లేదో చేత్తో పిండి వెలుతుర్లో చూడాలి. అన్న చేతులు మోచేయి దాకా ఏ రోజు ఏ చీర రంగు వేశాడో చెప్పేస్తాయి. మొదటి రకం హాని, అంటే సోడా, వేడినీళ్ళ వల్ల వచ్చేది, ఈ పనిలో ఎవరికైనా తప్పదు. వేళ్ళ సందులు ఒరిసిపోతాయి, తోలు పగుళ్ళు తీస్తుంది. ప్రమాదం అక్కడితో ఆగదు. పగిలిన తోలు అంటే కూలిన ప్రహరీ గోడ. అప్పటిదాకా పైనే ఆగిపోయిన రసాయనాలు సులువుగా లోపలికి పోతాయి, రెండో రకం హానికి దారి తెరుచుకుంటుంది. కొన్ని రకాల రంగులు, ముఖ్యంగా రియాక్టివ్ డైలలో కొన్ని, పొడిగా ఉన్నప్పుడు చర్మాన్నీ ఊపిరితిత్తుల్నీ సెన్సిటైజ్ చేయగలవని అద్దకం పరిశ్రమలో చాలాకాలంగా తెలుసు.

అన్నకి అలర్జీ వచ్చిందని నేననడం లేదు. ఇప్పటికి ఒట్టి ఒరిపిడే అనుకుంటున్నాం. కానీ రేపు వస్తే దేనికి వచ్చిందో కనుక్కోవడం ఎలా? ఆయన కొట్లో ఉన్న రంగు పొట్లాలు చూశా. పెద్ద డబ్బాల్లోంచి చిన్న కవర్లలోకి మార్చి అమ్మినవి. కవరు మీద స్కెచ్ పెన్నుతో "రాణి పింక్", "నెమలి కంఠం" అని షేడు పేరు, కింద బరువు, అంతే. రసాయనం పేరు లేదు, తయారీదారు పేరు లేదు, జాగ్రత్తలు లేవు. ప్యాచ్ టెస్టు చేసే డాక్టరు "ఏ రంగు వాడతావు?" అంటే "నెమలి కంఠం" అని చెప్పాలి కాబోలు.

సెన్సిటైజ్ అయిన రంగులవాడికి డాక్టరు ఇచ్చే మొదటి సలహా "ఆ పదార్థం ముట్టుకోవద్దు". ఏ పదార్థమో తెలిస్తే ఆ ఒక్క రంగు మానేసి పని సాగించొచ్చు. తెలియకపోతే పనే మానెయ్యాలి. నలభై ఐదేళ్ళ మనిషి ఇంకే పని నేర్చుకుంటాడు? పేరు తెలుసుకోవడం అంటే ఇక్కడ బతుకుతెరువు నిలబడడం. మా మామ విషయంలో పేరు దొరికే సరికే బాగా ఆలస్యమైంది. రెండెకరాలు కౌలుకిచ్చేశాడు. మిగతా రెండెకరాల్లో కలుపు వేరేవాళ్ళు తీస్తారు, అదీ మొక్క పూతకి రాకముందే. ఆయన నిండు చేతుల చొక్కా వేసుకుని గట్టున నిలబడి అరుస్తాడు. చాలా ఏళ్ళుగా ఢిల్లీ ఎయిమ్స్‌లో పస్రీచా, వర్మ లాంటివాళ్ళు ఈ జబ్బుకి అజాథయోప్రిన్ వాడి స్టిరాయిడ్ అవసరం తగ్గించిన అనుభవం ఉంది. మామకి కూడా అదే నడుస్తోంది, మధ్య మధ్య రక్తపరీక్షలతో. (దయచేసి దీన్ని చదివి ఎవరూ షాపులో కొనుక్కోకండి, డాక్టరు కళ్ళెదుట వాడాల్సిన మందు అది.)

చట్టానికి ఇవన్నీ తెలియవా అంటే, బ్రహ్మాండంగా తెలుసు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయాల్సిన వృత్తి వ్యాధుల జాబితా ఉండేది. రసాయనాలు, రంగులు తగిలి వచ్చే చర్మవ్యాధి అందులో ఒకటి. అక్కడ ఇది రెండు రకాలు, ప్రాథమికంగా ఒరిపిడి కలిగించేవి, అలర్జీ పుట్టించేవి అని స్పష్టంగా రాసి మరీ పెట్టారు. పైన నేను ఇంతసేపు చెప్పిందే ఒక్క వాక్యంలో! ఇప్పుడు ఆ చట్టం స్థానంలో 2020 నాటి కోడ్ వచ్చింది. అయితే ఇదంతా ఫ్యాక్టరీ అనిపించుకునేంత పెద్ద చోటికి. ఎర్రమంచి దగ్గర కార్ల ఫ్యాక్టరీలో ఎవరికైనా చేతులు పగిలితే రాయాల్సిన రిజిస్టరు ఒకటి ఉంటుంది. పెరట్లో రేకుల షెడ్డులో నలుగురితో రంగులు వేసే ధర్మవరం అన్నకీ, చెనక్కాయ చేలో కలుపు తీసే పెనుకొండ అక్కకీ ఏ రిజిస్టరూ లేదు. రిజిస్టర్లో లేనిది లెక్కలో రాదు, లెక్కలో రానిది బడ్జెట్లో రాదు.

ఇంకో విషయం నన్ను ఏటా మండిస్తుంది. ప్రతి ఆగస్టు 16 నుంచి 22 దాకా దేశమంతా పార్థీనియం అవగాహన వారం జరుపుతారు. జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధన సంస్థ నడిపించే మంచి కార్యక్రమమే. వాళ్ళు చేతులకి తొడుగులు వేసుకోమనే చెబుతారు. కానీ ఊళ్ళకి వచ్చేసరికి అది బడిపిల్లల్ని వరసగా నిలబెట్టి ఒట్టి చేతులతో పీకించి ఫొటో తీయించుకునే కార్యక్రమం అవుతోంది. పొట్టి చేతుల యూనిఫాం, ఒళ్ళో కౌగిలించుకున్నంత గడ్డి, అది కూడా నిండా పూతతో. పిల్లలకి ఈ జబ్బు అరుదే, వచ్చేది ఎక్కువగా పెద్దయ్యాకే. కానీ చర్మానికి దాన్ని పరిచయం చేసే పని మనమే దగ్గరుండి ఎందుకు చెయ్యడం? పీకాల్సిందే, కాదనను. పూతకి ముందు పీకండి, తొడుగులతో పీకండి, అప్పటికే దద్దుర్లున్నవాళ్ళని ఆ దరిదాపులకి రానివ్వకండి. ఎండబెట్టి తగలబెట్టడం కూడా వద్దు, ఎండిన నూగు గాల్లో ఎగిరితే ఊరంతటికీ పంచినట్టే.

పీకే బాధ లేకుండా మెక్సికో పురుగుని తెచ్చి వదిలారు కదా అంటారా? నిజమే. జైగోగ్రామా అనే ఆ పెంకుపురుగుని 1984లో బెంగుళూరులోనే వదిలారు. ఆకులు బాగానే తింటుంది. మధ్యలో పొద్దుతిరుగుడు చేలల్లో కనిపించిందని గగ్గోలైతే కేంద్రం నిజనిర్ధారణ సంఘం కూడా వేసింది. పొద్దుతిరుగుడు ఆకుల మీద పార్థీనియం పుప్పొడి పడ్డం వల్ల కొరికి చూసిందని తరవాత శాస్త్రజ్ఞులు వివరించారు. వానల్లో విజృంభిస్తుంది, ఎండల్లో భూమిలోకి పోయి పడుకుంటుంది. మన కరువు జిల్లాలో అది ఎక్కువ భాగం సెలవులోనే ఉంటుంది.

"మాకు చేలూ లేవు, మగ్గాలూ లేవు, ఏసీలో కూర్చుంటాం" అనుకునే మిత్రులకి ఒక మాట. నలభై దాటినవాళ్ళలో ఎంతమంది జుట్టుకి రంగేస్తున్నారో నాకు తెలుసు. :) నల్లరంగుల్లో ఉండే పారా ఫినిలీన్ డయమీన్‌ని అమెరికా కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2006లో "ఆ ఏటి అలర్జీకారకం"గా ప్రకటించింది. పెట్టెలో ఉండే కాగితం మీద "48 గంటల ముందు చెవి వెనక రాసి చూడండి" అని ఉంటుంది, అది ప్యాచ్ టెస్టుకి చిట్టి చెల్లెలు. మనం సాఫ్ట్‌వేర్ లైసెన్సు చదివినంత శ్రద్ధగా ఆ కాగితాన్ని చదువుతాం. అలాగే కొన్ని స్టిక్కర్ బొట్టుబిళ్ళల జిగురులోని పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ వల్ల బొట్టు చోట తెల్లమచ్చ వస్తే బొల్లి అని భయపడిపోయి పెళ్ళిళ్ళు ఆపుకున్న కుటుంబాలు ఉన్నాయి. మచ్చ సరిగ్గా బొట్టుబిళ్ళంతే ఎందుకుందో అడగరు!

మనలాంటివాళ్ళకి ఇందులో పనేమన్నా ఉందా అంటే, ఉంది. ఒక రసాయనం అలర్జీ పుట్టిస్తుందా లేదా తేల్చడానికి ఒకప్పుడు గినీ పందులు, ఆ తరవాత ఎలుకలు వాడేవాళ్ళు. మన దేశం 2014లో సౌందర్య సాధనాల కోసం జంతువుల మీద పరీక్షలు నిషేధించింది. 2015లో ఓఈసీడీ ఆమోదించిన ఒక పద్ధతిలో రసాయనాన్ని పరీక్షనాళికలో సిస్టీన్, లైసీన్ ఉన్న చిన్న పెప్టైడ్లతో కలిపి, ఎంత పెప్టైడు మాయమైందో కొలుస్తారు. లాండ్‌స్టైనర్ 1935లో చెప్పిన అతుక్కునే గుణాన్నే సూటిగా కొలవడం. 2021లో వచ్చిన 497 నంబరు మార్గదర్శకం అయితే ఇలాంటి పరీక్షల ఫలితాల్ని కంప్యూటర్ అంచనాలతో కలిపి నిర్ణయం తీసుకోవచ్చంది. అణువు నిర్మాణం ఇస్తే అది కొక్కెం వేసే రకమో కాదో చెప్పే ప్రోగ్రాములు ఉచితంగా కూడా దొరుకుతున్నాయి. కాకపోతే ఆ ప్రోగ్రాముకి "నెమలి కంఠం" అని ఇస్తే ఏం చెబుతుంది?

అందుకని నేను మొదలుపెట్టింది చాలా చిన్న పని. ప్రపంచంలో అమ్మే రంగులకి చాలావాటికి కలర్ ఇండెక్స్ నంబరు ఒకటుంటుంది. ధర్మవరంలో వాడే షేడు పేరు, దాని వెనకున్న అసలు రంగు, ఆ నంబరు, దానికి అలర్జీ చరిత్ర ఉందా లేదా. తెలుగులో ఒక్క పట్టిక, ఫోన్లో తెరుచుకునేది, ప్యాచ్ టెస్టుకి పోయేటప్పుడు డాక్టరుకి చూపించగలిగేది. కోడ్ రాయడం ఒక్క పూట పని, నంబర్లు సంపాదించడమే కష్టం. పోయిన నెల రెండు శనివారాలు అన్న బండి వెనక కూర్చుని రంగుల కొట్లన్నీ తిరిగా. ఒకాయన "ట్యాక్సోళ్ళా?" అని లోపలికి పోయి తలుపేసుకున్నాడు, ఇంకొకాయన టీ తాగించి పెద్ద డబ్బాల లేబుళ్ళు ఫొటో తీసుకోనిచ్చాడు. అన్న వాడే పదకొండు పొట్లాల్లో నాలుగింటికి నంబర్లు దొరికాయి. మిగతా ఏడింటి కోసం వచ్చే శనివారం మళ్ళీ పోతున్నా. ఆ వైపు వాళ్ళెవరైనా బెంగుళూరులో ఉండి, కలిసి రాగలిగితే బండిలో చోటుంది.